ఎలుక భయం, మనిషి బాధ్యత

భయపడేవాణ్ణి చూసి "పిరికివాడు" అనడం మనకు తేలిక. ఆ మాటలో వర్ణన తక్కువ, తీర్పు ఎక్కువ. చొరవ ఉన్నవాడు గుణవంతుడనీ, వెనకాడేవాడిలో ఏదో లోపం ఉందనీ దాని అర్థం. మరి భయం మెదడు నిర్మాణంలోనే ఉంటే ఆ తీర్పు ఎంతవరకు న్యాయం? ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో తత్వవేత్తల కంటే ఎక్కువ కష్టపడింది ఎలుక. దాని అంగీకారం మనం అడగలేదన్నది వేరే సంగతి. ఆ సంగతికి చివర్లో వద్దాం.

ప్రయోగశాలల్లో ఒక సాధనం ఉంది. కూడిక గుర్తు ఆకారంలో నాలుగు దారులు, నేలకు ఎత్తుగా నిలబెట్టినవి. రెండు దారులకు అటూ ఇటూ గోడలుంటాయి. మిగతా రెండూ బయలు. ఎలుకను నడుమ వదిలి సాధారణంగా అయిదు నిమిషాలు గమనిస్తారు. కొత్త చోటు చూడాలన్న కుతూహలం దాన్ని బయలుకు లాగుతుంది. తరతరాలుగా వచ్చిన జాగ్రత్త గోడల మధ్యకు నెడుతుంది. 1980ల నుంచి ఆందోళనను కొలవడానికి ఇది వాడుకలో ఉంది. మనుషుల ఆందోళన తగ్గించే డయాజిపామ్ వంటి మందు ఇస్తే ఎలుక కూడా బయలు దారుల్లో ఎక్కువసేపు తిరుగుతుంది. అయితే ఈ కొలత చెప్పేది "ఎంతసేపు" అన్నదే గాని "మంచిదా, చెడ్డదా" అన్నది కాదు. గుడ్లగూబ తిరిగే పొలంలో గట్టు వారగా నడిచే ఎలుకే తెల్లారేదాకా బతికే వీలు ఎక్కువ. అక్కడ పిరికితనం అనిపించేది నిజానికి తెలివి.

మెదడులో అమిగ్డలా అనే బాదంగింజ ఆకారపు భాగం ప్రమాదాన్ని గుర్తించి జ్ఞాపకం పెట్టుకుంటుంది. హిప్పోకాంపస్ చోట్లనూ సంఘటనలనూ నేర్చుకోవడంలో పాల్గొంటుంది. దాని ఒక కొస ఆందోళనతోనూ ముడిపడి ఉంది. అంటే తిరగడం, భయపడడం, నేర్చుకోవడం మూడు వేర్వేరు గదుల్లో జరిగే పనులు కావు. బెంగళూరులో సుమంత్ర చటర్జీ, ఆయన సహచరులు 2002లో ప్రకటించిన పరిశోధన ఈ సంబంధాన్ని చూపింది. పెద్దెలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పదిరోజులు కదలకుండా బంధిస్తే హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కురచబడ్డాయి. అమిగ్డలాలో మాత్రం అవే కొమ్మలు పెరిగి గుబురయ్యాయి. ఆ తర్వాత మూడు వారాలు స్వేచ్ఛగా వదిలినా అమిగ్డలాలోని పెరుగుదల తగ్గలేదు, ఆందోళనా పోలేదని 2004లో తెలిపారు. బాధ ఆగినంత మాత్రాన భయం ఆగదు.

అయితే ఇదంతా పుట్టుకతో రాసిపెట్టిందా? అదీ కాదు. మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం 1990ల చివర గమనించిన దాని ప్రకారం, తల్లి ఎక్కువగా నాకి సాకిన ఎలుక పిల్లలు పెద్దయ్యాక తక్కువ బెదురుతాయి. అంతగా నాకని తల్లికి పుట్టిన పిల్లలను ఎక్కువగా నాకే తల్లి దగ్గర పెంచితే అవీ నిబ్బరంగా ఎదిగాయి. 2013లో జర్మనీ శాస్త్రజ్ఞులు జన్యువుల్లో తేడాలేని 40 చిట్టెలుకలను ఒకే విశాలమైన గూట్లో మూడు నెలలు ఉంచారు. రానురాను వాటి తీరులు వేరయ్యాయి. ఎక్కువ చోట్లు తిరిగినవాటి హిప్పోకాంపస్‌లో కొత్త నాడీకణాలు ఎక్కువగా కనిపించాయి. తిరగడం వల్ల కణాలు పెరిగాయా, కణాల వల్ల తిరిగాయా అన్నది ఆ లెక్క ఒక్కటే తేల్చదు. కాని ఒకే జన్యువులు, ఒకే గూడు అయినా ఒకే జీవితం కాదని మాత్రం తేలింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. అంతా మెదడే అయితే ధైర్యానికి మెప్పెందుకు, పిరికితనానికి నిందెందుకు? చంద్రపూర్ జిల్లాలోనే జవాబుంది. తాడోబా చుట్టుపక్కల పల్లెల్లో వేసవిలో తునికాకు కోయడానికీ, ఇప్పపువ్వు ఏరడానికీ ఆడవాళ్ళు అడవిలోకి వెళ్తారు. పులి వాతపడినవాళ్ళ కబురు తెలియక కాదు, భయం లేక కాదు. ఆ నాలుగు రూపాయలు రాకపోతే ఇల్లు గడవదు. మందు ఇచ్చిన ఎలుకకు భయం తగ్గింది. ఈ మనిషికి భయం ఉండగానే అడుగు పడింది. ధైర్యం అనే మాట రెండోదానికే తగును. కనుక మెదడు శాస్త్రం నీతిని రద్దు చేయలేదు, బాధ్యతను చోటు మార్చింది. భయపడేవాణ్ణి "ఎందుకు భయపడ్డావు?" అని అడగడం కంటే, ఆ గూడు కట్టినవాళ్ళను "ఎలా కట్టారు?" అని అడగడం న్యాయం.

మన పిల్లల గూడు సంగతి చూద్దాం. చాందా, బల్లార్షాల్లో బొగ్గు గనుల చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలెన్నో ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో మరాఠీలో ఆలోచించాలి. వాడు నోరు విప్పకపోతే "మొద్దు" అంటారు. "దెబ్బకు దెయ్యం వదులుతుంది" అని మనమే పెద్దల సామెత అందిస్తాం. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఎలుకలకు తెలుపు, నలుపు గుర్తుపట్టడం నేర్పారు. తప్పితే విద్యుత్ షాక్. తేడా స్పష్టంగా ఉన్నప్పుడు షాక్ పెరిగినకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమైనప్పుడు పెద్ద షాక్ చదువును వెనక్కి లాగింది. ఎలుక మనిషి కాదు, నిజమే. అయినా ఇక్కడ ఆలోచించవలసింది ఉంది. బెత్తం చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్పగలదేమో. పరాయి భాషలో ప్రశ్న అడగడం నేర్పలేదు. 2009 విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఇంట్లో మన నాలుకకు మాత్రం ఆ చట్టం అడ్డు రాదు.

ఇప్పుడు ఎలుక దగ్గరకు వద్దాం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ప్రయోగశాలలో జరిగేది చెలగాటం కాదు, కాని ప్రాణసంకటం మాత్రం నిజమే. దాని భయం మన భయాన్ని పోలింది కాబట్టే ప్రయోగం పనికొస్తుంది. పోలింది కాబట్టే అది తప్పులా తోస్తుంది. ఉపయోగమూ అపరాధమూ ఒకే పోలికలోంచి పుట్టాయి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నాటి నియమాలు అనవసరమైన బాధ కలగకూడదని అంటాయి. ఏది అవసరం, ఏది అనవసరం అన్నది చట్టం పూర్తిగా చెప్పలేదు. తెలిసినదాన్ని మళ్ళీ తెలుసుకోవడానికి పెట్టే బాధ అనవసరమని ఎవరైనా ఒప్పుకుంటారు. తెలుసుకుని వాడుకోకుండా వదిలేసిన జ్ఞానం కోసం పెట్టిన బాధ కూడా, ఆలోచిస్తే, అంతకంటే మేలైనదేమీ కాదు.

బెదిరిన మెదడు ఎలా ఉంటుందో ఎలుక తన ఒంటితో చూపించింది. అది చూశాక కూడా మన పిల్లవాణ్ణి బెదిరించే చదివిస్తే, ఆ ఎలుక పడ్డ బాధ వృథా అయినట్టే. ఆ వృథాకు బాధ్యత శాస్త్రజ్ఞులది కాదు, మనది.