న్యాయనిర్ణేత – సర్వసాక్షి

తీర్పు చెప్పడం సులభం. ధర్మం తప్పక తీర్పు చెప్పడం దుష్కరం. మానవుని చూపు పరిమితమైనది. అట్టి మానవుడు తోటివారి తగవు తీర్చవలసి వచ్చినప్పుడు అతనికి ఆధారమేది? ఆ తీర్పు పొరపాటైతే దోషమెవరిది? ఈ ప్రశ్న రాజసభలకే పరిమితం కాదు. ఆటస్థలంలో కూడా ఇది ఎదురవుతుంది.

ఫుట్‌బాల్ ఆటలో ఇరువదిఇద్దరు ఆటగాండ్ర నడుమ ఈలతో పరుగెత్తే రెఫరీని చాలామంది ఎరుగుదురు. ఇంగ్లండులో ఈ ఆట రూపుదిద్దుకొన్న రోజులలో ఒక్కొక్క పక్షానికి ఒక్కొక్క అంపైరు ఉండేవాడు. వారిరువురికీ ఏకాభిప్రాయం కుదరనప్పుడు మైదానం వెలుపలనున్న మూడవ వ్యక్తికి తగవును నివేదించేవారు. నివేదన అందుకొనేవాడు గనుకనే ఆయనకు రెఫరీ అన్న పేరు వచ్చింది. 1891లో ఆయన మైదానంలోకి ప్రవేశించాడు. అంపైర్లు గీత వెంబడి నిలిచే సహాయకులైనారు. ఏ పక్షానికీ చెందనివాడే తీర్పరి కావాలన్న సూత్రం ఇందులో కనిపిస్తున్నది.

నియమావళిని కంఠస్థం చేసినంత మాత్రాన రెఫరీ కాజాలడు. ఒక ఆటగాడు ప్రత్యర్థిని అక్రమంగా అడ్డగించినా, బంతి బాధితుని పక్షంవారికే అనుకూలంగా సాగుతుంటే రెఫరీ ఈల ఊదకుండా ఆగవచ్చు. అప్పుడు ఆట ఆపితే తప్పు చేసినవానికే లాభం కదా! దండించడం కంటె నష్టపోయినవానిని కాపాడడమే నియమానికి ప్రయోజనమని ఎరిగినవాడే మంచి తీర్పరి. ఆట తిరిగి మొదలుకాకముందే తన తీర్పు తప్పని గ్రహిస్తే దానిని మార్చుకొనే అధికారం కూడా అతనికి ఉన్నది.

అయినను పొరపాట్లు తప్పవు. 1986 జూన్ 22న మెక్సికో నగరంలో ప్రపంచ కప్పు పోటీలో అర్జెంటీనా, ఇంగ్లండు తలపడినాయి. అర్జెంటీనా నాయకుడు మారడోనా పైకెగిరి బంతిని చేతితో గోలులోనికి నెట్టాడు. ట్యునీషియాకు చెందిన రెఫరీ అలీ బెన్నాసర్‌కు ఆ చేయి కానరాలేదు. ఆయన గీత వద్దనున్న సహాయకుని వైపు చూచాడు; అక్కడ జెండా లేవలేదు. గోలు అంగీకరింపబడింది. అర్జెంటీనా 2-1తో గెలిచింది.

ఇక్కడ రెండు దోషాలు వేరువేరుగా ఉన్నవి. తీర్పరిది చూపులోని లోపం. ఆటగానిది తెలిసి చేసిన వంచన. మొదటిది అజ్ఞానం, రెండవది అసత్యం. లోకం మాత్రం తరచుగా తీర్పరినే నిందిస్తుంది.

తీర్పరి నుండి ధర్మం కోరేది సర్వజ్ఞత్వం కాదు, నిష్పక్షపాతం. భారతంలో ద్రౌపది ప్రశ్నకు సభలోని పెద్దలు బదులీయక ఊరకున్నప్పుడు విదురుడు ప్రహ్లాదుని కథ చెప్పాడు. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు, అంగిరసుని కుమారుడు సుధన్వుడు తమలో ఎవరు శ్రేష్ఠులని ప్రాణాలొడ్డి పందెం వేసికొని ఆయన కడకే వచ్చారు. కన్నకొడుకు ప్రాణం ఒకవైపు, సత్యం మరొకవైపు. పరమభాగవతుడైన ప్రహ్లాదుడు సుధన్వుడే శ్రేష్ఠుడని పలికాడు. పుత్రప్రేమను జయించిన ఆ ధర్మనిష్ఠకు సంతోషించి సుధన్వుడే విరోచనుని ప్రాణాలతో విడిచిపెట్టాడు.

మెక్సికో ఘటనలో భక్తులు ఆలోచింపదగిన అంశం మరొకటి ఉన్నది. ఆట ముగిసిన పిమ్మట మారడోనా ఆ గోలులో దేవుని హస్తం కూడా ఉన్నదని చమత్కరించాడు. లోకం నవ్వుకొన్నది. కాని కర్తృత్వాన్ని భగవంతునికి అర్పించడం ఇదేనా? వైష్ణవ సంప్రదాయంలో సత్కర్మ చేసినవాడు ‘నేను చేసితిని’ అనే అభిమానాన్ని స్వామి పాదాల చెంత విడిచిపెడతాడు. అపరాధాన్ని మాత్రం తనదిగానే చెప్పుకొంటాడు. యామునాచార్యులవంటి మహనీయులు సైతం తమను అపరాధులుగా పేర్కొని శరణు వేడినారు. ఇదే నైచ్యానుసంధానం. పుణ్యం నాది, పాపం దైవానిది అనడం శరణాగతి కాదు, ఆత్మవంచన. మారడోనా కూడా తరువాతి కాలంలో చేతితో కొట్టినట్లు ఒప్పుకొన్నాడు. 2015లో బెన్నాసర్ ఇంటికి వెళ్లి, తన సంతకం చేసిన ఆటచొక్కాను ఆయనకు కానుకగా ఇచ్చాడు.

2018 ప్రపంచ కప్పు నుండి రెఫరీకి తోడుగా దృశ్యాలను తిరిగి పరిశీలించే సహాయకులు వచ్చారు. అయినా తుది నిర్ణయం రెఫరీదే. యంత్రం చేతిని చూపగలదు, హృదయాన్ని చూపలేదు. దానిని చూచేవాడు అంతర్యామియైన శ్రీమన్నారాయణుడొక్కడే.

బిడ్డల తగవు తీర్చే తల్లి, అన్నదమ్ముల నడుమ పొలం పంచే పెద్ద, వీరందరూ పరిమితమైన చూపుతోనే తీర్పు చెప్పవలసినవారు. ఇరుపక్షాల మాట విని, మమకారం విడిచి, తప్పని తెలిసిన వెంటనే దిద్దుకొంటే వారు ధర్మం తప్పినట్లు కాదు. ఆ తీర్పునకు లోబడేవాడు తన మనస్సునకు తెలిసిన నిజాన్ని దాచకుండా ఉండాలి. మనుష్యుల కంటికి కానరానిది కూడా స్వామి కంటికి కనబడుతుందన్న ఎరుకయే ఉభయులకూ రక్ష.