ముందు నీ పేరు రాయి

చి. అమ్మడికి,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఆ పొడుగాటి వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. జవాబు ఫోన్లో చెబితే సగంలో "సర్లే పెద్దమ్మా, మీటింగుంది" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

నీ మాటల్లో నాకు అర్థమైంది ఇది. పోయినేడు రివ్యూలో మీ మేనేజరు, నువ్వు మీటింగుల్లో మరీ పట్టుబడుతున్నావని రాశాడు. నువ్వు తగ్గావు. ఈ ఏడు అదే మేనేజరు, పని బాగుంది గానీ ఈ అమ్మాయికి కాన్ఫిడెన్స్ చాలదని రాశాడు. నువ్వేమో ఆత్మవిశ్వాసం పెరగడానికి ఏ పుస్తకం చదవమంటావని నన్నడుగుతున్నావు. ఏదీ చదవొద్దు. నెలల తరబడి కూర్చుని యానిమేషన్ బొమ్మల కదలికల కోసం నువ్వు తయారుచేసిన ఆ రిగ్గింగ్ టూల్ ఇప్పుడు మీ స్టూడియోలో ఎవరి పేరు మీద చలామణీ అవుతోందో, ముందు అది చెప్పు. మెసేజ్ చివర్లో ఆ సంగతి ఏదో చిన్న విషయంలా అనేసి వెళ్లిపోయావు. నాకు అసలు సంగతి అక్కడే కనబడింది.

ఆ రివ్యూ నీ ఒక్కదానికే వచ్చిందనుకోకు. 2014లో కీరన్ స్నైడర్ అనే ఆవిడ 28 టెక్ కంపెనీల నుంచి 248 రివ్యూలు పోగుచేసి, ఫార్చూన్ పత్రికలో ఆ వివరాలు రాసింది. పెద్ద సర్వే ఏమీ కాదు, కానీ లెక్క చూడు. లోపాలెత్తిచూపిన రివ్యూలు మగవాళ్లకి వచ్చినవి 83, ఆడవాళ్లకి వచ్చినవి 94. వాటిలో గొంతు తగ్గించుకో, కాస్త వెనక్కి తగ్గు అంటూ మనిషి స్వభావాన్నే తప్పుపట్టినవి మగవాళ్లకి 2. ఆడవాళ్లకి 71. మగవాళ్లకి పని నేర్పారు, ఆడవాళ్లకి నడవడిక నేర్పారు.

అలాగని నీకు చెప్పేదంతా అబద్ధమని నేననను. ఏది తీసుకోవాలో ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడానికి ఒకటే అడుగు: "ఏ మీటింగులో, ఏ పనిలో, ఏ రోజున?" ఫలానా షాట్‌లో భుజం కదలిక తేడాగా వచ్చిందనో, ఫలానా వారం ఫైలు ఆలస్యమైందనో చెప్పగలిగితే, అది పనికొచ్చే మాట. వినయంగా తీసుకుని సరిచేసుకో. "ఊరికే అలా అనిపించింది" అన్నాడంటే, ఆ అనిపించడం ఆయన సమస్య. దాన్ని ఇంటికి మోసుకొచ్చి రాత్రంతా తలకింద పెట్టుకోకు.

నువ్వు నీకు నువ్వే పెట్టుకున్న జబ్బు పేరు కూడా విన్నాను, ఇంపోస్టర్ సిండ్రోమ్ అని. 1978లో అట్లాంటాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు, పైకొచ్చిన 150 మందికి పైగా ఆడవాళ్లని చూసి రాశారు: వీళ్లకి ఎన్ని డిగ్రీలొచ్చినా తమకి అర్హత లేదనే భయం పోవడంలేదని. ఆ భయానికి పెంపకమూ సమాజమూ ఎలా కారణమవుతాయో కూడా వాళ్లు రాశారు. తర్వాత అదంతా ఎటో పోయింది, జబ్బు ఒక్కటే మిగిలింది. ఇప్పుడు దానికి వర్క్‌షాపులు, కోచ్‌లు, గంటకింతని ఫీజులు.

కాస్త ఆలోచించు. వైజాగ్‌లో నీ బీటెక్ క్లాసులో సగం మంది అమ్మాయిలే. కోడ్ రాయడానికి ఎవరూ భయపడలేదు, ఒకళ్లవి చూసి ఒకళ్లు ల్యాబ్ రికార్డులు దించుకున్నారు తప్ప! అక్కడ లేని జబ్బు లాస్ ఏంజెలస్‌లో ఎలా పట్టుకుంది? పదిమంది మగవాళ్ల మధ్య ఒక్కదాన్నే కూర్చోబెట్టాక పట్టుకుంది.

పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఉంది కదా, 1995లో అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్లలో అమ్మాయిలు నూటికి ఏడుగురు. జేన్ మార్గోలిస్ అనే ఆవిడ, అక్కడే పనిచేసే అలన్ ఫిషర్ కలిసి విద్యార్థులని కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగారు. తేలిందేమిటంటే, చాలా ఇళ్లలో కంప్యూటర్ కొని కొడుకు గదిలో పెట్టారు. కాలేజీకొచ్చేసరికి ఆ కుర్రాళ్లు చకచకా కొట్టేస్తుంటే, ఆడపిల్లలు తమకి బుర్ర లేదనుకున్నారు. అప్పుడు యూనివర్సిటీ వాళ్లు ఆడపిల్లలకి ధైర్యం క్లాసులు పెట్టి ఊరుకోలేదు. సీటు ఇవ్వడానికి ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న పట్టింపు తగ్గించారు, రానివాళ్లకి వేరే మొదటి కోర్సు పెట్టారు. 2000 నాటికి అమ్మాయిలు నూటికి 42. అయిదేళ్లలో అమెరికా ఆడపిల్లల గుండెధైర్యం ఆరింతలైందంటే నేను నమ్మను.

నీ రంగం సంగతి ఇంకా పాతది. 1938లో డిస్నీ స్టూడియోలో పని కావాలని రాసిన ఒకమ్మాయికి వచ్చిన జవాబు ఇప్పటికీ భద్రంగా ఉంది. బొమ్మలు సృష్టించే పని కుర్రాళ్లదని, ఆడవాళ్లకి ఉన్నదల్లా ఆ బొమ్మలకి గీతలు దిద్దడం, రంగులద్దడమేనని అందులో మర్యాదగా చెప్పారు. దానికి డెబ్బై ఏళ్ల తర్వాత బ్రెండా చాప్‌మన్ సంగతి చూడు. కూతురితో తనకుండే కీచులాటల్లోంచి 'బ్రేవ్' కథ అల్లింది, పిక్సార్‌లో ఫీచర్ సినిమా డైరెక్షన్ అందుకున్న మొదటి ఆడమనిషి. 2010లో ఆమెని తప్పించి సినిమా మరొకాయనకి అప్పగించారు. కానీ టైటిల్స్‌లో ఆమె పేరు ఉంది. ఉంది కాబట్టి 2013లో ఆస్కార్ ఇచ్చినప్పుడు వేదిక మీదకి ఆమె కూడా వెళ్లింది.

పేరు లేకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే తొలినాటి కంప్యూటర్‌ని 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రాములు రాసినవాళ్లు ఆరుగురు ఆడవాళ్లు. ప్రదర్శన అదిరిపోయింది, ఆ రాత్రి పెద్ద విందు జరిగింది, వీళ్లని పిలవలేదు. నలభై ఏళ్ల తర్వాత కాథీ క్లైమన్ అనే అమ్మాయి పాత ఫొటోలు చూసి ఈ ఆడవాళ్లెవరని అడిగితే, మిషన్ పక్కన అందంగా ఉంటుందని నిలబెట్టిన మోడళ్లు కాబోలు అన్నారట! ఆ అమ్మాయి వదలకుండా వెంటపడబట్టి బెటీ స్నైడర్, జీన్ జెన్నింగ్స్ లాంటి పేర్లు మనకి తెలిశాయి.

మన దగ్గరా ఇంతేగా. మొదటి తెలుగు కథ 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' అని మేం బళ్లో చదువుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే హిందూసుందరి పత్రికలో వచ్చింది. ఆమె పేరుతో, తేదీతో అచ్చయి ఉంది కాబట్టే ఈనాడు మనం వాదించగలుగుతున్నాం.

ఇక నీకు గట్టిగా చెప్పాలనుకున్న మనిషి అయ్యలసోమయాజుల లలితగారు. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం. 1919లో పుట్టారు. పదిహేనో ఏట పెళ్లి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, ఒళ్లో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లకి ఏం రాసిపెట్టి ఉండేదో మీ అమ్మమ్మ మేనత్తని చూసినదాన్ని, నాకు తెలుసు. లలితగారి నాన్నగారు పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. కూతుర్ని చదివించాలనుకున్నారు. ప్రిన్సిపాలు చాకోగారు అడ్డుచెప్పకుండా సీటు ఇప్పించారు. పాపని ఇంట్లోవాళ్లు చూసుకున్నారు. ఒక్కత్తే ఆడపిల్ల అయిపోతుందని మరికొందరు అమ్మాయిలని కూడా చేర్చుకుంటే, త్రేసియా, లీలమ్మ జార్జ్ అనే ఇద్దరు సివిల్‌లో చేరారు. పట్టా ఇచ్చే వేళకి చూస్తే, అచ్చువేసిన సర్టిఫికెట్లు మగవాళ్లకోసం తయారైనవి. లలితగారి పట్టా మీద 'అతడు' అని ఉన్నచోట కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాసి ఇచ్చారు.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందారు, సిమ్లాలో ప్రభుత్వోద్యోగం చేశారు, తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో భాగమయ్యారు. 1964లో న్యూయార్క్‌లో ఆడ ఇంజనీర్లకీ శాస్త్రవేత్తలకీ మొట్టమొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే, దానికి హాజరయ్యారు. అమెరికాలో జీన్స్ వేసుకుని నీకు ధైర్యం లేదంటున్నావే, ఆవిడ అరవై ఏళ్ల క్రితమే ఇక్కడికి చీరతో వచ్చి ఇంజనీర్ల సదస్సులో పాల్గొని వెళ్లారు.

లలితగారికి ఆత్మవిశ్వాసం ఎంత ఉండేదో నాకు తెలీదు, కొలిచినవాళ్లూ లేరు. తలుపు తీసిన తండ్రి ఉన్నారు, సంతకం పెట్టిన ప్రిన్సిపాలు ఉన్నారు, బిడ్డని చూసిన ఇల్లు ఉంది. ఆ మూడూ ఉన్నాక ఆవిడ పని ఆవిడ చేసుకుపోయారు. నీకు వాటిలో ఏది లేదో అది వెతుక్కో.

మన ఇంటి సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. నీది 'బొమ్మలేసే ఉద్యోగం' అని పెళ్లిచూపుల్లో వెక్కిరించింది అమెరికా వాళ్లు కాదు. పాట్‌లక్కుల్లో "మీ ఆయనేం చేస్తారు?" అని ముందడిగి, నీ సంగతి ప్లేట్లు కడిగేటప్పుడు అడిగేది నాలాంటి పెద్దమ్మలే. ఆడవాళ్లని ఆడవాళ్లే తక్కువ కట్టడం మన దగ్గరే కాదు, అమెరికా వాళ్లలోనూ ఉంది. 2012లో యేల్ పరిశోధకులు ఒకే దరఖాస్తుని జాన్ పేరుతో కొందరు ప్రొఫెసర్లకి, జెన్నిఫర్ పేరుతో మరికొందరికి పంపితే, జాన్‌కి ఏడాదికి 30,000 డాలర్ల పైచిలుకు ఇస్తామన్నారు, జెన్నిఫర్‌కి సుమారు 26,500. అలా తక్కువ కట్టినవాళ్లలో ఆడ ప్రొఫెసర్లూ మగవాళ్లతో సమానంగా ఉన్నారు. కాబట్టి పైన ఆడమేనేజరు వస్తే అన్నీ చక్కబడతాయనే భరోసా పెట్టుకోకు. మీటింగులో అందర్నీ పేరుతో పిలిచి నిన్ను మాత్రం "ఏమ్మా" అనే తెలుగు పెద్దమనిషి ఉంటాడు. ఆయనది ఆప్యాయతే అయినా, "నన్ను పేరుతో పిలవండి సార్" అని నవ్వుతూ చెప్పెయ్యి.

వైటూకే రోజుల్లో న్యూజెర్సీలో ఒక కంపెనీలో నేను చేసిన పద్ధతిని, పైవాళ్ల ముందు మరొకతను తనదిగా చెప్పాడు. మనవాడే. మర్నాడు పొద్దున్నే ఆ పద్ధతి వివరాలన్నీ తేదీలతో రాసి, "నిన్న ఆయన మీకు పరిచయం చేసిన నా డిజైన్ పూర్తి రూపం ఇది" అని మీటింగులో ఉన్న అందరికీ మెయిల్ పెట్టాను. గొడవ లేదు, ఏడుపు లేదు. అతను కొన్నాళ్లు మొహం మాడ్చుకున్నాడు. డిజైన్ మాత్రం నా పేరు మీదే మిగిలింది. ఆ మెయిల్ రాసేటప్పుడు నా చేతులు వణికాయి. వణికే చేతులతో టైపు చేసినా అక్షరాలు తిన్నగానే పడతాయి.

వీసా భయం నాకు తెలుసు. ఉద్యోగం పోతే హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి 60 రోజులే గడువు. అందుకే నోరు తొందరపడొద్దు, కాగితం తొందరపడాలి. జీతాల గురించి తోటి ఉద్యోగులతో మాట్లాడుకునే హక్కు 1935 నాటి కార్మిక చట్టం నుంచీ ఉంది. మీ కాలిఫోర్నియాలో 15 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న కంపెనీలు ఉద్యోగ ప్రకటనలో జీతం హద్దులు చెప్పి తీరాలని 2023 నుంచి నిబంధన, నీ పాత జీతం ఎంతని అడగకూడదు కూడా. 1964 పౌరహక్కుల చట్టం వీసా మీద ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది, కాకపోతే ఫిర్యాదుకి గడువులుంటాయి, ఏళ్ల తరబడి ఓర్చుకుని అప్పుడు లేస్తే వినరు. మీ అమ్మ ఓపిక పట్టమంటుంది. అది నా చెల్లెలు, దాని ఓపిక సంగతి నాకంటే ఎవరికి తెలుసు? ఓపిక పట్టు, కానీ తేదీలు రాసిపెట్టుకుని పట్టు.

ఈ వారాంతంలో చెయ్యాల్సింది ఇదీ. ఆ టూల్ మొదలుపెట్టిన రోజు నుంచి నువ్వు ఏం చేశావో, ఎవరు వాడుతున్నారో, ఎంత పని తగ్గిందో ఒక పేజీలో రాయి. పైన నీ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా పెట్టు. మేనేజరుకి మర్యాదగా పంపి, డాక్యుమెంటేషన్‌లోనూ సినిమా క్రెడిట్స్‌లోనూ నీ పేరు ఎక్కడ వస్తుందో రాతపూర్వకంగా అడుగు. కాన్ఫిడెన్స్ గురించి ఆయన రాసినదానికి, ఏ మీటింగని తిరిగి అడుగు. పంపే ముందు నాకోసారి చూపించు. ఎక్కడైనా "సారీ" అని కనబడితే నేనే కొట్టేస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ