దయ చాటున దౌర్జన్యం

వృద్ధాశ్రమంలో ఆయా ఒక ముసలమ్మను కొట్టిందని తెలిసినప్పుడు రెండు వాదాలు వినబడతాయి. ఆయాను పనిలోంచి తీసేస్తే సరి అన్నది ఒకటి. ఆమె కూడా దోపిడికి గురైన మనిషే గనక దోషమంతా వ్యవస్థదే అన్నది రెండవది. మొదటిది యాజమాన్యానికి అనుకూలమైన వాదం. రెండవది మనకు అలవాటైన వాదం. దెబ్బ తిన్న ముసలమ్మ మాత్రం రెండింటిలోనూ కనబడదు.

చాలని జీతమిచ్చి, రాత్రంతా ఒంటరిగా ఇరవైమందిని చూడమంటే ఆ ఆయా విసుగుకు కారణం వుంది. కాని కారణం వేరు, హక్కు వేరు. ఆ చెయ్యి యెందుకు లేచిందో దారిద్ర్యం చెబుతుంది, లేవవచ్చునని చెప్పదు. తనకంటె బలహీనుణ్ణి కొట్టడం యే వర్గపోరాటమూ కాదు.

అయితే ముసలమ్మ యెందుకు నోరు విప్పదు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు వలసల జిల్లాలు. ఉద్దానం యువకులు దూరపు నగరాలకు కూలికి పోతారు. తీరగ్రామాల మత్స్యకారులు గుజరాతులోని వేరావలు దాకా వేటకు పోతారు. వెనక మిగిలిన తల్లిదండ్రులలో కొందరికి ఆశ్రమమే గతి. ఆ ఆశ్రమాలలో అనేకం చందాలతో నడుస్తాయి. దాతలు పుట్టినరోజున వచ్చి అన్నం వడ్డిస్తారు, ఫొటో దిగుతారు, పోతారు. పెట్టిన చేతిని తప్పుపట్టరాదన్న కృతజ్ఞత, గెంటేస్తే యెక్కడికి పోవాలన్న భయం — యీ రెండూ కలిసి ఆమె నోరు నొక్కుతాయి. దానం పుచ్చుకున్న మనిషి ఫిర్యాదు చెయ్యలేదు. హక్కున్న మనిషే చెయ్యగలదు.

ఆ మౌనం యెంత దూరం పోగలదో 2020 జనవరిలో హైదరాబాదు శివారు నాగారంలో బయటపడింది. అనుమతి లేని ఒక ఆశ్రమంలో గొలుసులతో కట్టి హింసిస్తున్న డెబ్బైమందిని పోలీసులు విడిపించవలసివచ్చింది.

చట్టం కూడా దీనిని హక్కుగా పూర్తిగా గుర్తించలేదు. 2007 నాటి వృద్ధుల చట్టం జిల్లాకు ఒకటైనా, 150 మందికి తగిన ఆశ్రమం ప్రభుత్వం నెలకొల్పవచ్చునన్నది, నెలకొల్పి తీరాలనలేదు. అసహాయుణ్ణి చూస్తానని ఒప్పుకుని బుద్ధిపూర్వకంగా మానేసినవాడికి 1860 నాటి శిక్షాస్మృతి మూడు నెలల ఖైదో, 200 రూపాయల జరిమానానో, రెండూనో విధించింది. 2024 జూలైలో కొత్త న్యాయసంహిత అమలులోకి వచ్చేదాకా ఆ 200 అలాగే వుంది. ఇప్పుడది 5,000. మనిషి గౌరవానికి మనం కట్టిన వెల అది!

నివారణ అంటే శిక్ష ఒక్కటే కాదు. రాత్రి డ్యూటీకి తగినంతమంది పనివాళ్లుండాలి. తోటి ఆయా చేసిన హింసను బయటపెట్టిన ఆయాకు ఉద్యోగం పోకూడదు. అందుకు ఆమెకు సంఘం కావాలి. ఆశ్రమవాసి ఫిర్యాదు యజమానికి గాక బయటివారికి చేరాలి. విద్యార్థులు, ఉపాధ్యాయులు చెప్పకుండా వెళ్లాలి. వంటశాలతోబాటు మరుగుదొడ్డి చూడాలి. సిబ్బంది లేనిచోట ముసలివారిని పలకరించాలి.

అన్నం పెట్టడానికి వెళ్లేవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. నిన్న రాత్రి యెలా గడిచిందమ్మా అని అడిగేవాళ్లే కావాలి.