మాటలకు అందని మనోవేదన

కానుపు నొప్పులు కననిదానికి తెలియవని మన పల్లెలలో పెద్దలు చెప్పుచుందురు. ఆ మాట నిజమే. అయితే కడుపు పండని స్త్రీ పడు వేదన, బిడ్డలను కన్న తల్లికి మాత్రము తెలియునా? ఒకరు అనుభవించినదానిని మాటలతో మరియొకరికి ఎంతవరకు అందింపగలము? మొదటి సమూయేలు గ్రంథము మొదటి అధ్యాయములోని హన్నా చరిత్రను ఈ ప్రశ్న మనస్సున ఉంచుకొని చదువుదము.

ఆమె చుట్టును ముగ్గురు కనబడుచున్నారు. మొదటిది పెనిన్నా. హన్నాకు నొప్పి ఎక్కడ ఉన్నదో ఆమె బాగుగా ఎరుగును. ఎరిగి అక్కడనే పొడిచినది. తెలిసినంత మాత్రమున కనికరము పుట్టదని దీనివలన గ్రహింతుము.

రెండవవాడు భర్తయైన ఎల్కానా. ఆయన ప్రేమగలవాడు, బలి అర్పించినప్పుడెల్ల ఆమెకు రెండు పాళ్లు ఇచ్చెడివాడు. ఆమె ఏడ్చుచు భోజనము మానగా, పదిమంది కుమారులకంటె తాను ఆమెకు ఎక్కువ కానా అని అడిగెను. ప్రేమతో అడిగినదే. కాని ఆయనకు పెనిన్నావలన బిడ్డలున్నారు, హన్నాకు లేరు. తండ్రి అయినవాడు తల్లి కానిదానిని ఓదార్చుచున్నాడు. ఆ ప్రశ్నకు హన్నా ఇచ్చిన జవాబు ఏదియు వ్రాయబడలేదు.

మూడవవాడు యాజకుడైన ఏలీ. ఆమె పెదవులు కదులుట చూచెను, స్వరము వినలేదు, త్రాగియున్నదని తీర్మానించుకొనెను. దైవసేవలో ముసలివాడైన యాజకుడే ఇట్లు పొరబడగా, మనమెంత జాగ్రత్తగా ఉండవలెను!

అప్పుడు హన్నా కొన్ని మాటలే చెప్పెను. తాను త్రాగలేదనియు, దుఃఖముతో దేవుని యెదుట ఆత్మను కుమ్మరించుకొనుచున్నాననియు తెలిపెను. బిడ్డకొరకు మ్రొక్కుకొన్న సంగతి ఆమె ఏలీకి అప్పుడు చెప్పినట్టు అక్కడ లేదు. ఏలీయు గ్రుచ్చి అడుగలేదు. తన తీర్పును విడిచిపెట్టి, ఆమె మనవి నెరవేరునట్లు దీవించి సమాధానముతో పంపెను. మనవి యేమిటో అడుగకయే దీవించెను! ఆమె వెళ్లి భోజనము చేసెను, దుఃఖముఖము మారెను. సమూయేలు అప్పటికింకను పుట్టలేదు.

దీనినిబట్టి మాటలు వ్యర్థమని చెప్పకూడదు. ఆ కొద్ది మాటలే లేకున్న ఏలీ తన పొరపాటులోనే ఉండిపోవును. మాటలు మన మూటను ఎదుటివాని తలమీదికి ఎత్తలేవు. మూట ఉన్నదని మాత్రము చూపగలవు. అది చూచినవాడు మనకు చోటిచ్చి కూర్చుండబెట్టిన చాలును.

మాటలు విస్తరించినంత మాత్రమున గ్రహింపు విస్తరించదు. యోబు స్నేహితులు ఏడు దినములు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద మౌనముగా కూర్చుండిరి. అంతవరకు వారు మంచి స్నేహితులే. తరువాత యోబు ఎంతో చెప్పెను, వారును ఎంతో చెప్పిరి. అతని బాధకు కారణము తమకు తెలుసునని పట్టుబట్టుటవలననే వారు అతనికి మరియొక బాధ అయిరి.

మన సంఘములలో నేమి జరుగుచున్నది? బిడ్డలను ప్రార్థనకొరకు ముందుకు తెచ్చు ఆదివారమున, వెనుక చాపమీద తల వంచుకొని కూర్చున్న సహోదరి ఉన్నది. ఆరాధన ముగియగానే, “విశేషమేమైన ఉన్నదా అమ్మా?” అని నలుగురు అడుగుదురు. ఒకరు విశ్వాసము చాలలేదందురు. మరియొకరు, “నీ బాధ మాకు తెలుసులే” అందురు. ఆ మాట దయగా వినబడినను, ఆమె చెప్పబోవుదానికి అక్కడనే తలుపు మూయును. తెలిసినవారికి ఇక చెప్పుటెందుకు? కొన్నాళ్లకు ఆమె ఆరాధనకు వచ్చుటయే మానుకొనును.

కాబట్టి ప్రియులారా, ఎదుటివారి వేదన మనకు పూర్తిగా తెలియదని ముందుగా ఒప్పుకొందము. వారు చెప్పినంత విందము, చెప్పనిదానిని త్రవ్వకుందము. తోచిన కారణములను మన యొద్దనే ఉంచుకొందము. కన్నీళ్లతో వచ్చిన సహోదరికి చాపమీద చోటిచ్చి ప్రక్కన కూర్చుండుటకు గొప్ప వాక్చాతుర్యము అక్కరలేదు. హన్నా పెదవులలో ఏలీ వినలేకపోయిన ప్రార్థనను దేవుడు వినెను. ఆయన వినుచున్నాడు గనుక, అంతయు తెలిసినట్టు మాటలాడు భారము మనమీద లేదు.