మజ్లూమ్ మొరకు అడ్డుతెర లేదు



సిరియా ప్రాంతంలో కొందరు రైతులను మండుటెండలో నిలబెట్టారు. అటుగా వెళుతున్న హజ్రత్ హిషామ్ బిన్ హకీమ్ (రజి) సంగతేమిటని అడిగారు. జిజియా బకాయి పడ్డారట. వారు ముస్లింలు కారు, ఆయన బంధువులూ కారు. అయినా ఆయన తన దారిన తాను పోలేదు. లోకంలో ప్రజలను చిత్రహింసలు పెట్టేవారిని అల్లాహ్ శిక్షిస్తాడని దైవప్రవక్త (స) నోట తాను విన్నానని సాక్ష్యం పలికారు. పాలస్తీనా అధికారి హజ్రత్ ఉమైర్ బిన్ సఅద్ (రజి) దగ్గరకు వెళ్ళి అదే మాట చెప్పారు. ఉమైర్ (రజి) వెంటనే రైతులను విడిపించారు. సహీహ్ ముస్లింలో ఉన్న సంఘటన ఇది. బకాయి నిజమే కావచ్చు. దాని వసూలుకు ఒళ్ళు మాడ్చడం పద్ధతి కాదు.

మా చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కితే, ఆ కొండల్లో వాకపల్లి అనే కోందు గిరిజనుల పల్లె ఉంది. ఇప్పుడు జిల్లాలు వేరయ్యాయి గాని, అప్పట్లో అందరిదీ విశాఖ జిల్లాయే. 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని అక్కడి 11 మంది స్త్రీలు ఫిర్యాదు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి వచ్చి, 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానంలో తేలింది. విచారణ ఎదుర్కొన్న పోలీసులు నిర్దోషులుగా విడుదలయ్యారు. అయితే దర్యాప్తు నిష్పక్షపాతంగా జరగలేదని అదే న్యాయస్థానం తప్పుపట్టింది. ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వమంది. దాదాపు పదహారేళ్ళు!

రుజువు కాని నేరాన్ని ఒకరికి అంటగట్టడం మన ధర్మంలో అపనింద. ఆ పని మేము చేయము. కాని రుజువు సేకరించవలసిన వారే సేకరించకపోతే? అధికారం అల్లాహ్ అప్పగించిన అమానత్. కొట్టిన చేతికే కాదు, రాయవలసింది రాయని కలానికీ ప్రళయదినాన లెక్క ఉంది.

బనూ జజీమా తెగ బందీలను హజ్రత్ ఖాలిద్ (రజి) తొందరపాటుతో చంపించినప్పుడు, తన సేనాని కదా అని దైవప్రవక్త (స) కప్పిపుచ్చలేదు. చేతులెత్తి, ఆ పనితో తనకు సంబంధం లేదని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. హజ్రత్ అలీ (రజి)ని పంపి రక్తపరిహారం చెల్లించారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. బలగాల మనోధైర్యం దెబ్బతింటుందనే సాకు అక్కడ వినబడలేదు.

ఇక మన సంగతి. ఆ ఏడాదే మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ తర్వాత మన యువకులను పట్టుకెళ్ళి హింసించారని తెలిసి ఊరూరా కుమిలిపోయాం. మేమప్పుడు మదరసా విద్యార్థులం. ఆ బిడ్డల కోసం దుఆ చేసిన గుర్తుంది. వాకపల్లి పేరు విన్న గుర్తు లేదు. మజ్లూమ్ మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర లేదని ముఆజ్ (రజి)ని యమన్ పంపుతూ దైవప్రవక్త (స) హెచ్చరించారు. మజ్లూమ్ మనవాడే అయి ఉండాలన్న షరతు అందులో లేదు.

బజారులో లాఠీ దెబ్బలు చూసి, ఇంట్లో చెప్పుకుని, విచారణలో అడిగితే మాత్రం 'మేమక్కడ లేము' అనేవారు మనలో ఉన్నారు. భయం నిజమే. దుకాణం నడవాలి, పిల్లలున్నారు. కాని సాక్ష్యం దాచేవాని హృదయం పాపభరితమని అల్ బఖరా సూరా 283వ ఆయత్ చెబుతోంది. చూసింది చూసినట్టు, పెంచకుండా తగ్గించకుండా చెప్పండి. ఒంటరిగా వెళ్ళలేకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. మసీదు కమిటీ పెద్దలు వెంట వస్తే ఆ పని ఇంకా సులువవుతుంది.