తడి ఆరని మిరప

తడి ఆరని మిరపకాయలను గోనెసంచిలో కుట్టివేసినచో లోలోపలనే బూజు పట్టునని, కళ్లములో పరచి తిరగవేసినవారందరికిని తెలియును. యౌవనమునందలి వ్యథయు అట్టిదే; మూసిపెట్టరాదు. 1969లో వెలువడిన నవీన్ ‘అంపశయ్య’ నవలలో, ఉస్మానియా విద్యార్థి రవి ఒక్క దినమున అనుభవించిన ఆందోళన, డబ్బు లేమి దిగులు, అపరాధభావము, దాపరికమెరుగక అక్షరములలో ఆరబోయబడినవి. మన గుంటూరు సీమ కవి జాషువా ‘గబ్బిలము’లో, మనుష్యులలో వినువాడు లేక ఒక అభాగ్యుడు తన గోడును గబ్బిలమునకే చెప్పుకొనెను. ఆ కావ్యము నాకు ప్రాణప్రదము. అయినను మన పిల్లలకు గబ్బిలమే దిక్కు కారాదు. నోటుపుస్తకపు చివరి పుటలో వారు వ్రాసుకొన్న కవితను అడిగి వినుడు, మూసిపెట్టనీయకుడు. నిద్రాహారములు మానినచో వైద్యునికడకు వెంటబెట్టుకొని పొండు.