బెజ్జమహాదేవి బిడ్డ

పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని బెజ్జమహాదేవి కథ నెరుగని శరణుడుండడు. శివునకు తల్లి లేదని వగచి, తానే తల్లియై ఆయనను పసిబిడ్డగా సాకినది. ఒకనాడా బిడ్డ పాలు త్రాగకున్నంతనే ఆమెకు ప్రాణము నిలువలేదు.

నేడు మన దేశమున, 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయసునకు తగిన ఎత్తు ఎదుగలేదు. వీరందరు కూడు లేనివారు కారు. కడుపు నిండినను ఒడలు నిండనివారు పెక్కురు. వట్టి అన్నము, నీళ్లచారు చాలవు. పప్పు, ఆకుకూర, పాలు, రాగులు కావలెను.

లోపము తల్లితోనే మొదలగుచున్నది. అందరును తినగా మిగిలినది తినుటే ఇల్లాలి ధర్మమని మన యిండ్లలో నింకను తలచుచున్నారు. లింగధారణ స్త్రీకిని కలదు గదా. లింగధారిణికి అడుగంటినది పెట్టుట ఏపాటి దాసోహము? గర్భము నిలిచిన నాటినుండి బిడ్డకు రెండేండ్లు నిండువరకు గల వేయిదినములే కీలకము. ముర్రుపాలు పిండి పారబోయుట అపరాధము. ఆరు నెలలు తల్లిపాలే; పిదప వానితోపాటు మెత్తని పప్పన్నము.

తుమకూరు సిద్ధగంగా మఠమున శివకుమారస్వామివారు (1907–2019) వేలాది విద్యార్థులకు కులభేదము లేక నిత్యదాసోహము జరిపించిరి. అట్టి మఠము ప్రతి యూర నుండదు. 1975లో మొదలైన అంగన్‌వాడీ యున్నది. అది పేదల కూడని మొగము త్రిప్పుకొనువారు మనలోను కలరు. పంక్తిభేదమెరుగని బసవని బిడ్డలకిది తగునా? పర్వదినమున బంతులు పెట్టు గృహస్థు మరునాడచ్చటికి పోయి, ఏ బిడ్డ తూకము తగ్గినదో అడిగి, ఆ యింటికి పాలచెంబుతో నడువవలెను.